ఉదయగిరి గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే: ముందు పార్సిల్, తరవాతే వెబ్‌సైట్

వెబ్‌సైట్ పెట్టాలనుకున్నవాళ్లు ముందు పేరు కొంటారు, తరవాత లోగో వేయిస్తారు, థీమ్ (సైటు రూపం) ఎంచుకోడానికి ఇంకో నెల పోతుంది. పార్సిల్‌కి ఎంత పడుతుందో తెలిసేసరికి మొదటి ఆర్డర్ వచ్చి కూర్చుంటుంది. ఈ వరస తిరగెయ్యాలి. ముందు సరుకుని పెట్టెలో సర్ది, టేపు వేసి, తూచి, కొలిచి చూడండి. ఆ అంకె చేతికొచ్చాక ధర, ధర తేలాక సైటు.

ఇక్కడ లెక్కలకి ఉదయగిరి చెక్క గరిటెలు తీసుకున్నాం. నెల్లూరు జిల్లా సరుకు, భౌగోళిక గుర్తింపు ఉంది, దారిలో పగలదు. మార్కాపురం పలకలు అమ్మినా దారి ఇదే, అంకెలే మారతాయి. పచ్చళ్లు, స్వీట్ల వంటి తినే సరుకైతే ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లిచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీదా సైటులోనూ కనపడాలి. అది రాకముందు ఆర్డర్లు తీసుకోవద్దు.

పెట్టె దగ్గరే లాభం పోతుంది

ఆరింటి సెట్టు అనుకుందాం: పప్పు గరిటె, సాంబారు గరిటె, అన్నం హస్తం, అట్లకాడ, రెండు చెంచాలు. మొత్తం 380 గ్రాములు. చేతికి దొరికిన 35 × 12 × 8 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెట్టారు. తక్కెడ మీద అరకిలో లోపే తూగింది కాబట్టి అరకిలో ఛార్జీ పడుతుందనుకుంటారు. కొరియర్ లెక్క అది కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తారు. 3360ని 5000తో భాగిస్తే 0.672 కిలో. అసలు బరువు, ఈ కొలత బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. అరకిలో దాటింది కాబట్టి కిలో ఛార్జీ.

అవే గరిటెల్ని ఒకదాని తల పక్కన ఇంకోదాని కాడ వచ్చేలా ఎదురెదురుగా సర్దితే 32 × 10 × 7 పెట్టెలో పడతాయి. 2240ని 5000తో భాగిస్తే 0.448. అరకిలోలోనే ఉంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మూత సరిగ్గా పడక పెట్టె మధ్యలో ఉబ్బిందనుకోండి. గోదాములో కొలిచే యంత్రం ఉబ్బిన చోటే కొలుస్తుంది. ఎత్తు 7 కాస్తా 8 అయితే 2560, అంటే 0.512. ఒక్క సెంటీమీటరుతో మళ్లీ కిలో ఛార్జీలోకి పోయారు. అందుకే పెట్టెలు చేసేవాళ్ల దగ్గర మీ సరుకు కొలతకి మూడు పొరల అట్టతో చేయించుకోవడం మేలు. కొన్ని కొరియర్లు 5000 కాకుండా వేరే అంకెతో భాగిస్తాయి. ఒప్పందం కాగితంలో ఆ ఒక్క లైను వెతికి చదవండి.

కట్టిన ప్రతి పార్సిల్‌నీ తక్కెడ మీద పెట్టి అంకె కనపడేలా ఒక ఫోటో, టేపు పెట్టి మూడు వైపులా ఒక్కో ఫోటో తీసి ఆర్డర్ నంబరుతో దాచండి. బరువు ఎక్కువుందని కొరియర్ అదనంగా కోసుకున్నప్పుడు అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజులే గడువిస్తారు. ఆ లోపు చూపించడానికి ఫోటో ఒక్కటే ఆధారం.

చెక్కకి అసలు శత్రువు చెమ్మ. పూర్తిగా ఆరని గరిటెని ప్లాస్టిక్ కవర్లో బిగించి పంపితే లోపలి తేమ బయటికి పోక వారంలో బూజు పడుతుంది. వానాకాలం సరుకైతే ఇంకా ముందే. కాగితంలో చుట్టి, ఒక సిలికా జెల్ పొట్లం వేసి, అట్టపెట్టె మీద మాత్రమే ప్లాస్టిక్ కవరు తొడగండి. మెరుపు కోసం వేరుశనగ నూనె రాయడం కొందరికి అలవాటు. అది కొన్నాళ్లకి కమురు వాసన వేస్తుంది, కొన్నవాళ్లు దాన్ని సరుకు లోపమనే అనుకుంటారు.

పన్ను సంగతి

నెల్లూరుకి విజయవాడ కంటే చెన్నై దగ్గర. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు చాలామంది చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉంటారు. మూడూ పక్క రాష్ట్రాలే. సరుకు అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటేదాకా ఆంధ్రప్రదేశ్‌లో జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నిజమే గానీ అది రాష్ట్రం లోపలి అమ్మకాలకి. పన్ను వర్తించే సరుకు ఒక్క పార్సిల్ హైదరాబాదు పంపినా ఆ పరిమితి పని చెయ్యదు, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. కొన్ని రకాల చేతిపని వస్తువులకి ఇందులో మినహాయింపు ఉంది. అది తీసుకుంటే సరుకు విలువ ఎంత తక్కువైనా రాష్ట్రం దాటే పార్సిల్‌కి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. మీ సరుకు ఆ జాబితాలో పడుతుందో లేదో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను లెక్కలో సరుకు రకాన్ని చెప్పే నంబరు) చెప్పి ఆడిటర్ దగ్గర రాతపూర్వకంగా తెచ్చుకోండి. పక్క షాపాయన చెప్పాడని ఆగిపోవద్దు.

పేరు ఎవరి చేతిలో ఉంది?

డొమైన్, అంటే సైటు పేరు, కొనడం పది నిమిషాల పని, ఏడాదికి వెయ్యి రూపాయల అటూ ఇటూ. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యూవల్ ధర చూడండి, అసలు ధర అదే. ముఖ్యమైన సంగతి ఒకటుంది: డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. సైటు కట్టిన కుర్రాడి అకౌంటులో ఉంటే, అతను ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయిన ఏడాది రెన్యూవల్ గుర్తుచేసే మెయిళ్లు అతనికే పోతాయి. మీకు తెలిసేది సైటు ఆగిపోయినప్పుడే. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా దొరుకుతాయి. ముచ్చటగానే ఉంటుంది, కానీ దాన్ని రెండో పేరుగా ఉంచండి.

సైటుకి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి షాపిఫై. నెలనెలా అద్దె కట్టాలి, నిర్వహణ తలనొప్పి ఉండదు. వాళ్ల సొంత పేమెంట్ వ్యవస్థ ఇండియాలో లేదు కాబట్టి వేరే గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) పెట్టుకోవాలి, అప్పుడు బేసిక్ ప్లాన్‌లో గేట్‌వే ఛార్జీ కాక షాపిఫై కూడా అమ్మకం మీద 2 శాతం తీసుకుంటుంది. రెండోది వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్. సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్ (సైటుని ఉంచే అద్దె సర్వర్) మీది, అప్‌డేట్ల బాధ్యతా మీదే. వారానికి గంటసేపు సైటు మీద కూర్చునే మనిషి ఇంట్లోనో షాపులోనో ఉంటే వూకామర్స్, లేకపోతే షాపిఫై. మా లెక్కలో ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు. వూకామర్స్ అయితే సర్వర్ ముంబైలో ఉన్న హోస్టింగ్ చూసుకోండి. ఎక్కడో ఉచితంగా దొరికిన ఖరీదైన థీమ్ మాత్రం పెట్టొద్దు. వాటిలో దొంగ కోడ్ పెట్టి పంచుతారు. కంప్యూటర్లో చూసే యజమానికి సైటు మామూలుగానే కనిపిస్తుంది, ఫోన్లో తెరిచిన కస్టమర్ మాత్రం ఏ జూదం పేజీకో పోతాడు.

వర్డ్‌ప్రెస్ పెట్టగానే సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ కోల్‌కతాకి మార్చండి. ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో వదిలేస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున నాలుగింటికి వచ్చిన ఆర్డర్ మార్చి 31న నమోదై, పోయిన ఆర్థిక సంవత్సరం లెక్కలో పడుతుంది. ఇన్‌వాయిస్ నంబర్ల విషయంలోనూ ఇలాంటిదే ఉంది. జీఎస్‌టీ బిల్లు నంబర్లు వరసగా రావాలి, 16 అక్షరాలు దాటకూడదు. వూకామర్స్ ఆర్డర్ నంబర్లు 101 తరవాత 108, ఆ తరవాత 115 అన్నట్టు గంతులేస్తాయి. వాటినే బిల్లు నంబర్లుగా వాడకండి, ఇన్‌వాయిస్ ప్లగిన్ (సైటుకి తగిలించే చిన్న ప్రోగ్రాము) వేరే పెట్టండి.

తెలుగు సరిగ్గా కనపడాలంటే

కరపత్రం వేసిన డీటీపీ షాపు నుంచి మేటర్ తెచ్చి సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అది అను ఫాంట్లలో కొట్టిన మేటర్, యూనికోడ్ (ఏ ఫోన్లో అయినా సరిగ్గా కనపడే తెలుగు) కాదు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తులు, అరసున్నాల దగ్గర తప్పులు మిగులుతాయి. పది లైన్ల మేటర్‌ని మళ్లీ ఫోన్లో కొట్టుకోవడమే తేలిక. ఇంగ్లీషు థీముల్లో లైన్ల మధ్య దూరం 1.2 ఉంటుంది, తెలుగులో కింది వత్తులు పై గుడులకి తగులుతాయి. 1.6 లేదా 1.7 పెట్టండి.

పేజీ చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. తెలుగులో పెడితే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు లింకులో తొమ్మిది గుర్తులుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ చిరునామాకి 200 గుర్తులే ఇస్తుంది, అంటే మీ పేరు 22 గుర్తుల దగ్గర తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే అరపేజీ నిండా శాతం (%) గుర్తులు వెళతాయి. అది చూసి ఎవరూ నొక్కరు.

సరుకు పేజీలో ఏం రాయాలి

'అద్భుతమైన నాణ్యత, సంప్రదాయ కళ' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి: 'పప్పు గరిటె. పొడవు 30 సెంటీమీటర్లు, గుంట వెడల్పు 7 సెంటీమీటర్లు. రెండు లీటర్ల గిన్నెకి సరిపోతుంది. నాన్‌స్టిక్ పెనం మీద గీతలు పడవు. నీళ్లలో నానబెట్టొద్దు, డిష్‌వాషర్‌లో వేయొద్దు. చేత్తో చేసింది కాబట్టి రంగు, చార ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.' ఇందులో చివరి వాక్యం లేకపోతే 'ఫోటోలో ఉన్నది ఇది కాదు' అని వాపసులు వస్తాయి. ఒక ఫోటోలో గరిటెని మనిషి చేతిలో పట్టించండి, పరిమాణం ఇట్టే తెలుస్తుంది. ఫోటోలు 1200 పిక్సెళ్ల చదరం, వెబ్‌పీ రకంలో 150 కేబీ లోపు చాలు. ఫోన్ కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన 5 ఎంబీ ఫోటోలు పది ఉంటే, సిగ్నల్ సరిగా అందని పల్లెలో సైటు తెరుచుకునే లోపు కస్టమర్ వెనక్కి పోతాడు.

ప్యాక్ చేసిన సరుకు కాబట్టి తూనికలు కొలతల నిబంధన కింద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ఏ దేశంలో తయారైంది, ఫిర్యాదుకి ఫోన్, ఈమెయిల్ పేజీ మీదే ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు, నంబరు సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చిన్న షాపులో ఆ మనిషి యజమానే అవుతాడు, ఫరవాలేదు.

గూగుల్‌లో వెతికేవాళ్లు తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. గరిటె, అట్లకాడ, హస్తం అన్న పేర్లని ఆ స్పెల్లింగులతో కూడా పేజీలో ఒకసారి రాసి ఉంచండి.

చిరునామా గడులు

ఫారంలో రెండు గడులు కలపండి: గుర్తు, రెండో ఫోన్ నంబరు. 'రామాలయం ఎదురు సందు' అన్న ఒక్క మాట డోర్ నంబరు కంటే ఎక్కువ పని చేస్తుంది. ఫోన్ నంబరు ముందు సున్నానో 91నో కొట్టేవాళ్లు ఉంటారు, దాన్ని తీసేసి పది అంకెలే తీసుకునేలా పెట్టండి.

రాష్ట్రం గడి దగ్గర జాగ్రత్త. హైదరాబాదులో ఉన్న మనవాళ్లు పాత అలవాటుతో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంటారు. అప్పుడు బిల్లులో ఐజీఎస్‌టీ (రాష్ట్రం దాటే సరుకు పన్ను) పడాల్సిన చోట సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం లోపలి అమ్మకాల పన్ను) పడతాయి, రిటర్నులో సరిదిద్దుకోవాల్సి వస్తుంది. పిన్ మొదటి రెండంకెలు చూసి హెచ్చరిక వచ్చేలా చేయించండి: 50 అయితే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్ర. 507 పిన్‌లకి మాత్రం బలవంతంగా మార్చకుండా అడిగి వదిలేయండి. 2014లో ఆంధ్రలో కలిసిన పోలవరం ముంపు మండలాలు ఆ వరసలోవే.

డబ్బు కట్ అయింది, ఆర్డర్ రాలేదు

రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, ఏ గేట్‌వే అయినా పాన్, బ్యాంకు ఖాతా, వ్యాపార రుజువు అడుగుతుంది. ఖాతా పేరు, పాన్ పేరు ఒకటే ఉండాలి. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉన్నా ఆగిపోతుంది. సైటులో సంప్రదింపు, నిబంధనలు, గోప్యత, వాపసు, డెలివరీ పేజీలు లేకపోతే ఆమోదం రాదు. కార్డులకి సుమారు 2 శాతం, ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్‌టీ అనుకుని ధర వేసుకోండి.

అసలు చిక్కు యూపీఐ దగ్గర వస్తుంది. కస్టమర్ సైటు నుంచి ఫోన్‌పేకి వెళతాడు, పిన్ కొడతాడు, డబ్బు పోతుంది. తిరిగి బ్రౌజర్‌కి రాకుండా ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. డబ్బు అందిందన్న కబురు బ్రౌజర్ మోసుకురావాలని చూస్తూ కూర్చుంటే మీ ఆర్డర్ 'పెండింగ్'లోనే ఉంటుంది. దీనికి మందు వెబ్‌హుక్. గేట్‌వే సర్వర్ నేరుగా మీ సైటుకి కబురు పంపుతుంది. గేట్‌వే డాష్‌బోర్డులో వెబ్‌హుక్ చిరునామా ఇచ్చి, రహస్య కీ గేట్‌వేలోనూ సైటులోనూ ఒకటే పెట్టాలి. టెస్ట్ మోడ్‌లో పెట్టిన కీ లైవ్‌లో పనిచెయ్యదు, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సైటుకి సెక్యూరిటీ ప్లగిన్ ఉంటే అది ఆ కబురుని అడ్డుకోకుండా చూడండి.

వూకామర్స్‌లో ఇంకో మెలిక. ఇన్వెంటరీ సెట్టింగుల్లో 'హోల్డ్ స్టాక్' 60 నిమిషాలు అని ముందే ఉంటుంది. గంటలోపు డబ్బు అందినట్టు తెలియని ఆర్డర్ దానంతట అదే రద్దవుతుంది. వెబ్‌హుక్ లేని సైటులో డబ్బు కట్టినవాడి ఆర్డర్ కూడా రద్దై, ఆ గరిటె ఇంకొకరికి అమ్ముడుపోతుంది.

సైటు తెరిచే ముందు పది రూపాయల సరుకు ఒకటి పెట్టి నిజం డబ్బుతోనే ఈ అయిదూ చేసి చూడండి. యూపీఐతో కట్టి బ్రౌజర్ మూసేయండి. కార్డుతో కట్టండి. ఓటీపీ దగ్గర వదిలేయండి. కట్టి రద్దు చేసి డబ్బు వాపసు పంపండి. చివరగా, బ్యాంకు ఖాతాలో ఎంత జమైందో, ఎన్నాళ్లకి జమైందో పుస్తకంలో రాసుకోండి.

క్యాష్ ఆన్ డెలివరీ లెక్క

సీఓడీ లేకపోతే ఆర్డర్లు రావని భయం. ఉంటే ఏమవుతుందో ఊహించిన అంకెలతో చూద్దాం. సెట్టు ధర 499. సరుకు 230, ప్యాకింగ్ 20, కొరియర్ 70, సీఓడీ ఛార్జీ 40. జీఎస్‌టీ పక్కన పెడితే మిగిలేది 139. తలుపు దగ్గర వద్దన్న పార్సిల్‌కి పోను 70, రాను 65, చెడిన ప్యాకింగ్ 20, మొత్తం 155 నష్టం. పది ఆర్డర్లలో మూడు తిరిగొస్తే ఏడింటి మీద 973 వచ్చి, మూడింటి మీద 465 పోయి 508 మిగులుతుంది. నాలుగు తిరిగొస్తే 214. అయిదు తిరిగొస్తే చేతి చమురు 80 రూపాయలు.

కాబట్టి సీఓడీ తీసేయక్కర్లేదు, అదుపులో పెట్టాలి. ఆర్డర్ వచ్చిన రోజే ఫోన్ చేసి 'రేపు పంపిస్తున్నామండీ, డబ్బు రెడీగా ఉంచుకుంటారా' అని అడగండి. రెండు పూటలా ఎత్తకపోతే పంపొద్దు. వంద రూపాయలు ముందు కట్టించుకుని మిగతాది తలుపు దగ్గర తీసుకుంటే తిరిగొచ్చేవి గట్టిగా తగ్గుతాయి, ఆర్డర్లు కూడా కొన్ని తగ్గుతాయి. ఆ తగ్గినవి ఎలాగూ తిరిగొచ్చేవే. రెండుసార్లు వాపసు పంపిన నంబరుకి సీఓడీ కనపడకుండా చేయండి. ప్రైవేటు కొరియర్ వెళ్లని పిన్‌లకి స్పీడ్ పోస్టు పెట్టండి. వరికుంటపాడు, సీతారామపురం వైపు పల్లెల్లో పోస్ట్‌మ్యాన్‌కి మనిషి పేరు తెలుసు, కొరియర్ కుర్రాడికి ఊరి పేరు కూడా తెలియదు.

మెయిళ్లు, బ్యాకప్, తుపాను

ఆర్డర్ మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయంటే సైటు హోస్టింగ్ నుంచి నేరుగా పంపుతోందని అర్థం. మెయిల్ సర్వీసు ద్వారా పంపించే ఎస్ఎమ్‌టీపీ ప్లగిన్ పెట్టి, డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు (మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసేవి) వేయండి. ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. హోస్టింగ్‌వాళ్లది ఒకటి, మెయిల్‌వాళ్లది ఒకటి విడివిడిగా వేస్తే రెండూ చెల్లవు. రెండిటినీ ఒకే లైన్లో కలపాలి.

అప్‌డేట్లు శుక్రవారం సాయంత్రం చేయొద్దు. మంగళవారం పొద్దున బ్యాకప్ తీసి, ఒక్కో ప్లగిన్ చేస్తూ, ప్రతిసారీ ఒక ఆర్డర్ పెట్టి చూడండి. బ్యాకప్ అదే హోస్టింగ్‌లో ఉంటే అది బ్యాకప్ కాదు, గూగుల్ డ్రైవ్‌కి పోవాలి. మూడు నెలలకోసారి దాన్ని ఖాళీ సబ్‌డొమైన్‌లోకి తిరగతీసి సైటు లేచిందో లేదో చూడండి. ఆ నకలుని గూగుల్ చూడకుండా మూసి, దాంట్లోంచి కస్టమర్లకి మెయిళ్లు పోకుండా ఆపాకే తెరవండి. లేకపోతే పాత ఆర్డర్ల మెయిళ్లు మళ్లీ వెళ్లి ఫోన్లు మోగుతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, దీపావళి ఆర్డర్లూ అప్పుడే. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి తెగింది. అలాంటి రోజుల్లో కొరియర్ వెబ్‌సైట్ 'దారిలో ఉంది' అనే చూపిస్తూ ఉంటుంది. సైటు పైన పెట్టే ఒక్క లైను పట్టీ ముందే రాసి దాచుకోండి: 'తుపాను వల్ల పార్సిళ్లు మూడు నాలుగు రోజులు ఆలస్యం. వద్దనుకుంటే డబ్బు పూర్తిగా వాపస్.' హెచ్చరిక వచ్చిన గంటలో దాన్ని ఆన్ చేసి, డెలివరీ రోజులు పెంచి, సీఓడీ ఆపేయండి. ఆ వారం బయల్దేరిన సీఓడీ పార్సిళ్లలో చాలావరకు తిరిగే వస్తాయి, తడిసి.